తవుడుకు అమ్మిన తమ్ముడు

శ్రావణ బహుళ తదియ, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. నంద్యాలలో ఎండ ఇంకా ముదరలేదు. వరండా గోడకున్న ఉష్ణమాపకం ముప్పై ఒక్క డిగ్రీలు చూపుతోంది. తూర్పున నల్లమల మీద మబ్బు పట్టి ఉంది గాని, గాలి పడమటి నుంచి విసురుగా వీస్తున్నందువల్ల అది ఊరి మీదికి రాదు. తాలూకా కార్యాలయంలో చాలా ఏళ్ళు వర్షపాతం కొలిచి రాసినదాన్ని కనుక, ఇంతవరకు రూఢిగా చెప్పగలను.

నా మనవరాలు మంచం అంచున కూర్చుని ఫోనులో మాట్లాడుతోంది. ముక్కు కుట్టించుకోవడానికి ఆమెకు ఈ రోజు పదకొండున్నరకు సమయం ఇచ్చారు. నన్ను తోడు రమ్మంది. అవతల మాట్లాడే అమ్మాయి గొంతు నాకు స్పష్టంగా వినబడుతోంది.

"ఖాళీ కడుపుతో రావొద్దండీ, కళ్ళు తిరుగుతాయి. ముక్కుకు క్రీము, పౌడరు ఏదీ పూసుకోకండి. జ్వరం గాని జలుబు గాని ఉంటే ఇంకో రోజు పెట్టుకుందాం. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కనుక్కుని రండి. కుట్టిన తర్వాత ఉప్పునీళ్ళు తప్ప ఇంకేదీ తగలకూడదు. పసుపు, నూనె, బూడిద ఏమీ పెట్టొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినా సరే."

మనవరాలు నావైపు చూసి నవ్వింది. "వింటివా అవ్వా? పెద్దోళ్ళు చెప్పినా సరే అంట. నిన్నే అంటాంది."

నేను నవ్వలేదు. పెద్దవాళ్ళ మాట అన్నందుకు కాదు. ఆ జాబితాలో బూడిద అనే మాట ఉంది. అరవై ఏళ్ళ పైబడిన కాలం తర్వాత ఆ మాటను, ముక్కు అనే మాటను ఒకే వాక్యంలో వినడం ఇదే మొదలు.

మా ఇల్లు ఆళ్లగడ్డలో ఉండేది. వీధివైపు అంగడి, దాని వెనక పొడుగాటి నడవ, ఆ వెనక వంటిల్లు, దొడ్డి. అంగడిలో బెల్లం, ఇంగువ, కిరసనాయిలు, కొత్త గోనెసంచి, ఈ నాలుగు వాసనలూ విడివిడిగా ఉండేవి కావు. నాయన ఒంటి నుంచి కూడా ఆ ఒక్క వాసనే వచ్చేది. నడవలోకి రాగానే అది ఆగిపోయి పొగ వాసన మొదలయ్యేది. ఉదయం జొన్నరొట్టె, వేరుశనగ బుడ్డల చట్నీ, మధ్యాహ్నం చారన్నం. జేజి, అంటే నాయన తల్లి, పొయ్యిలో పిడకలు పెట్టి ఊదుతుంటే నేను పక్కనే కూర్చునేదాన్ని. పొయ్యి చల్లారిన తర్వాత ఆ బూడిదను ఆమె ఎత్తి పలచటి గుడ్డలో జల్లించి, మూకుడు మూసిన కుండలో దాచేది. గిన్నెలు తోమేది దానితోనే, పళ్ళు తోముకునేది దానితోనే, పొద్దున నొసట పెట్టుకునేదీ దాన్నే. ఆ ఇంట్లో బూడిద కన్న శుభ్రమైన వస్తువు లేదని ఆమె నమ్మకం. నిప్పులో కాలినదానికి మైల ఎక్కడిదని అడిగేది.

నేను పుట్టింది ఆ ఇంట్లో కాదు. తొలి కాన్పు కనుక అమ్మ బనగానపల్లెలో పుట్టింట ఉంది. నేను అక్కడ పుట్టాను. మరుసటి ఏడే అమ్మమ్మ పోయింది. చూసుకునే దిక్కు లేక ఆ తర్వాతి కాన్పులన్నీ ఆళ్లగడ్డలోనే జరిగాయి. నలుగురు పుట్టారు. నలుగురూ పది రోజులు దాటలేదు. ఒకరు ఏడో రోజు, ఇద్దరు ఎనిమిదో రోజు, ఒకరు తొమ్మిదో రోజు పోయారు.

చివరి ఇద్దరూ నాకు గుర్తున్నారు. వారం రోజులు బాగా పాలు తాగి, ఏడ్చి, నిద్రపోయిన బిడ్డ ఒక పూట చన్ను పట్టలేకపోయేది. పెదవులు బిగిసి, ముఖం నవ్వుతున్నట్టుగా మారేది. గిన్నె కిందపడి చప్పుడైతే ఒళ్ళంతా విల్లులా వంగేది. జేజి దాన్ని గాలి అనేది. ఇరుగుపొరుగు వాళ్ళు పురిటి వాతం అనేవారు. మంత్రసాని కొడవలితో బొడ్డు కోసి దారం కట్టేది. దాని మీద జేజి జల్లించిన బూడిదను చిటికెడు అద్దేది. ఆ రెండు కాన్పుల్లోనూ ఆ కుండ మూకుడు తీయడం నేను చూశాను. ఆ బూడిదనూ ఆ చావులనూ కలిపి చూసినవారు ఆ ఇంట్లో ఎవరూ లేరు. నేనూ చూడలేదు.

ఆరో కాన్పు మాఘంలో వచ్చింది. రెండు రోజులు నొప్పులు పడినా బిడ్డ రాలేదు. మంత్రసాని చేతులు కడుక్కుని, "నా వల్ల కాదు సామీ, నంద్యాలకు తీసకపోండి" అని చెప్పేసింది. నాయన అంగడి మూసి, సరుకు దించడానికి వచ్చిన లారీని ఆపాడు. అమ్మను ఖాళీ గోనెల మీద పడుకోబెట్టి ఎక్కించారు. జేజి లారీ చక్రం దగ్గర నిలబడి, కొంగు నేల మీద పరిచి మొక్కుకుంది.

"ఈ బిడ్డ బతికితే నాది కాదు, నా కొడుకుది కాదు. పెంటలో పొర్లిచ్చి తవుడుకు అమ్మేస్తా. అడుక్కొచ్చిన బియ్యం తినిపిచ్చి ముక్కు కుట్టిస్తా. దీన్ని మాకిడిసిపెట్టు."

వరసగా బిడ్డలు పోతున్న ఇళ్ళలో మా ప్రాంతంలో ఇదే చేసేవారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ అని, ఎవరో పారేసిన వస్తువని మృత్యువును నమ్మించాలి. అందుకోసం తొట్టి నుంచి తీసి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పిల్లలు బతికి బట్టకట్టిన వేరొక తల్లికి చాటెడు తవుడుకు అమ్ముతారు. ఆమె తన బిడ్డను పెంచమని మళ్ళీ వాళ్ళకే ఇస్తుంది. మగబిడ్డ అయినా కుడి ముక్కుకు తీగ పెడతారు. ఆ తీగను చూసి మృత్యువు తప్పుకుంటుందని లెక్క.

నంద్యాల ఆసుపత్రిలో తమ్ముడు పుట్టాడు. అమ్మకు జ్వరం తగ్గనందువల్ల పన్నెండు రోజులు అక్కడే ఉంచారు. ఎనిమిదో రోజు రాత్రి జేజి, నాయన నిద్రపోలేదట. తొమ్మిదో రోజు గడిచింది. పదో రోజు బొడ్డు తనంతట తానే ఎండి రాలిపోయింది. ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరమ్మ జేజిని ఎదురుగా నిలబెట్టి, వెనకటి నలుగురి సంగతీ అడిగి, చాలా గట్టిగా చెప్పింది.

"బొడ్డు మీద ఏమీ పెట్టకూడదు. బూడిద వద్దు, పేడ వద్దు, పసుపు వద్దు. అర్థమైందా అవ్వా?"

జేజికి అర్థమైంది. అమ్మకు, నాయనకు కూడా అర్థమైంది. ఆళ్లగడ్డకు వచ్చిన తర్వాత ఆ ఇంట్లో ఆ మాటను వేదవాక్యంలా పాటించారు. బిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు జేజి బొడ్డు జోలికి పోయేది కాదు. పొరుగింటావిడ ఒకసారి వేలితో తాకబోతే ఆమె చేయి పట్టుకుని ఆపింది. "డాక్టరమ్మ ముట్టుకోవద్దనింది. నీకేమన్నా అయితే చెప్పు, నీకు పెడతా బూడిద."

అమ్మ లాలిపాట పాడగా నేను మొదటిసారి విన్నది ఆ నెలల్లోనే. అంతకు ముందు పుట్టినవాళ్ళకు ఎవరికీ ఆమె పాడలేదు. పాడితే దిష్టి తగులుతుందని భయం.

వైశాఖం వచ్చేసరికి వాడికి మూడో నెల. మొక్కు తీర్చే ఏర్పాట్లు మొదలయ్యాయి. నా ముక్కు కూడా అదే రోజు కుట్టించాలని నిర్ణయించారు. కంసాలి ఆచారి రెండుసార్లు రాడు, కుంపటి ఒకసారే రాజేస్తాడు అని నాయన అన్నాడు. నాకు తొమ్మిదేళ్ళు. అంతకు ముందు చెవులు కుట్టినప్పుడు నేను చాలా గోల చేశానట. అందుకని ఈసారి నాకు మామిడిపండ్లు ఆశ పెట్టారు. బనగానపల్లె నుంచి మామ గడ్డిలో చుట్టిన బుట్ట ఒకటి తెచ్చాడు. నడవ అంతా ఆ వాసన. కుట్టిన తర్వాతే తినాలని షరతు. నేను ఆ రాత్రే గడ్డిలో చేయి పెట్టి ఒకటి తీసి, దొడ్డిలో కూర్చుని తిని, టెంకను బూడిద కుండ వెనక దాచాను. జేజి తెల్లారి దాన్ని చూసింది. పట్టుకుని తూకం వేసినట్టు చేతిలో ఎగరేసి, "ఎలుక బాగా పెద్దదే" అని బయట పారేసింది.

మొదట అమ్మ అడుక్కురావాలి. ఐదిళ్ళ బియ్యం. మా ఇంట్లో దానికి పెద్ద చిక్కు వచ్చింది. ఆ వీధిలో ఏ ఇంటికి పోయినా మా అంగడిలో సరుకు కొనేవారే. అమ్మ చాట పట్టుకుని గడపలెక్కితే అంగడి పరువేమవుతుందని నాయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"పరువుంటే బిడ్డలు బతికింటారా నాయనా?" అని జేజి అడిగింది. దానితో ఆ మాట ముగిసింది.

అమ్మ పాత చీర కట్టుకుని, చెప్పులు లేకుండా, చాట పట్టుకుని బయల్దేరింది. నేను వెంట నడిచాను. నాలుగిళ్ళలో గుప్పెడు గుప్పెడు వేశారు. ఐదో ఇంటావిడ మాత్రం శేరుతో తెచ్చి నింపుగా పోసింది.

"మీ ఆయన తూస్తే ముల్లు ఎప్పుడూ ఆయన పక్కే ఉంటాది. నేను మాత్రం నిండా పోస్తాండా తల్లీ. చూసుకో."

గుమ్మంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. అమ్మ తల ఎత్తలేదు. "మీ చల్లని చెయ్యమ్మా. వాడు బతికితే చాలు" అన్నది. ఆ ఇంటావిడ నవ్వు ఆగిపోయింది. లోపలికి పోయి ఇంకో శేరు తెచ్చి పోసింది.

బిడ్డను కొనవలసింది నల్లమల నుంచి వచ్చే ఒక చెంచు ఆమె. చింతపండు, కుంకుడుకాయలు, తేనె తెచ్చి మా అంగడిలో ఇచ్చి, ఉప్పు, బట్ట తీసుకుని పోయేది. ఆమెకు ఐదుగురు పిల్లలు, ఐదుగురూ బతికి ఉన్నారు. అందుకే జేజి ఆమెను అడిగింది. ఆమె ముందు నమ్మలేదు.

"నా దగ్గర ఉండేది ఈ తేనె ఒకటే. నీ మనవడిని నేనెట్ల కొనేది?"

"తవుడు మేమే ఇస్తాం. ఆ తవుడు మళ్ళీ మాకిచ్చి బిడ్డను తీసుకో."

"మీదే తవుడు, మీదే బిడ్డ. కోమటోళ్ళ బేరం అంటే ఇదేనా?" అని ఆమె పగలబడి నవ్వింది. జేజి కూడా నవ్వింది. ఆ ఇంట్లో జేజి నవ్వడం అరుదు.

బేరం దొడ్డి వెనక పెంటకుప్ప దగ్గర జరిగింది. బిడ్డను విస్తరాకు మీద పడుకోబెట్టారు. ఆమె చాటెడు తవుడు జేజి ఒడిలో పోసి, వాడిని ఎత్తుకుని గుండెకు ఆనించుకుంది. అలా కొంతసేపు ఉండిపోయింది. తర్వాత అమ్మ చేతుల్లో పెట్టి, "నా కొడుకు. పెంచండి" అన్నది. వాడికి ఆమె పెట్టిన పేరు ఎవరూ కోరి పెట్టుకోరు. అది ఇక్కడ రాయను. ఆ తర్వాత అంగడికి వచ్చిన రెండుసార్లూ నడవలోకి తొంగి చూసింది. "నా కొడుకును చూపీయండప్పా. అరువిచ్చినానని ఊరికే అట్టే పెట్టుకుంటారా?"

అది జరిగిన మూడో రోజున ఆచారి వచ్చాడు. ఉదయం ఏడు గంటలు, ఇంకా వడగాలి మొదలు కాలేదు. కుంపటిలో బొగ్గులు రాజేసి, బంగారు తీగ కొనను సానరాయి మీద నూరి, ఆముదంలో ముంచి పెట్టుకున్నాడు. మామ పీట మీద కూర్చుని ముందు నన్ను ఒళ్ళోకి లాక్కున్నాడు.

"పారిపో పాపా, పారిపో" అన్నాడు ఆచారి తీగను వెలుతురులో తిప్పి చూస్తూ. "నువ్వు ఊరు దాటేలోపల కుట్టేస్తా."

"మా పాప ఏడ్చదులే ఆచారీ. నీ చెయ్యి వణకకుండా చూసుకో" అన్నాడు మామ.

"నా చెయ్యి వణికిండేది ఒక్కసారే, నా పెండ్లిలో."

అందరూ నవ్వుతుండగా ఎడమ ముక్కులో మంట పుట్టింది. కళ్ళలో నీళ్ళు వాటంతటవే కారాయి. ఏడవలేదని మామ గర్వంగా అందరికీ చెప్పాడు. తర్వాత తమ్ముడు. వాడి నోట్లో బెల్లం నీళ్ళు తడిపిన గుడ్డ పెట్టారు. వాడు ఒక్కసారి కెవ్వుమని, మళ్ళీ గుడ్డ చప్పరించాడు. కుడి ముక్కు మీద ఒక ఎర్రని బొట్టు. ఆచారి తీగ కొనను మెలిపెట్టి, వాడి చెవి దగ్గర వంగి చెప్పాడు. "అంతే నాయనా. ఇంక నిన్నెవురూ అడగరు పో."

జేజి కుండ మూకుడు తీసింది. ఆవు పిడకల బూడిద. ఆ రోజుకని రెండుసార్లు జల్లించింది. నా ముక్కుకు అద్దింది. తమ్ముడి దగ్గరకు వెళ్ళేసరికి అమ్మ అడ్డంగా చేయి పెట్టింది.

"అత్తా, ఆ డాక్టరమ్మ పెట్టొద్దనింది కదా."

"బొడ్డు మీద కదే వద్దనింది. ఇన్ని దినాలకు ఎప్పుడన్నా ముట్టుకున్నానా బొడ్డు? ఇది ముక్కు. నెత్తురు కారుతాంటే అట్లే ఇడిసిపెడతామా?"

అమ్మ నాయన వైపు చూసింది. నాయన గుమ్మంలో నిలబడి కొంచెం ఆలోచించాడు. బొడ్డు మాట తప్ప డాక్టరమ్మ ఇంకేమీ చెప్పలేదని ఆయనకూ జ్ఞాపకం. "ఆమె చెప్పింది బొడ్డుకే" అన్నాడు. అమ్మ చేయి తీసేసింది.

ఆ ఇంట్లో అజాగ్రత్త లేదు. ఇది నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నాను. విన్న మాటను విన్నంత మేరకు అక్షరం పొల్లు పోకుండా పాటించారు. మాట ఎక్కడ ఆగిందో వాళ్ళ జాగ్రత్త కూడా అక్కడే ఆగింది.

నా ముక్కు మీది బూడిద సాయంత్రానికి నెత్తురుతో కలిసి గట్టిపడి, గోకాలనిపించేంత దురద పెట్టింది. మరునాడు స్నానం చేసేటప్పుడు నీళ్ళపొయ్యి దగ్గర ఎవరూ లేరు. వేడినీళ్ళతో నానబెట్టి మొత్తం కడిగేసి కొబ్బరినూనె రాసుకున్నాను. జేజి మళ్ళీ అద్దితే మళ్ళీ కడిగేశాను. "ఈ పిల్ల ముక్కున బూడిద నిలవదేందే" అని ఆమె విసుక్కునేది. నేను బతకడానికి అదే కారణమని అనలేను. పరీక్షించినవారు లేరు, ఆధారం లేదు. నేను కడుక్కోగలిగాను, వాడు కడుక్కోలేడు. నా దగ్గరున్న వాస్తవం ఇంతే.

తొమ్మిదో రోజు ఉదయం తమ్ముడు పాలు తాగలేదు.

"ముక్కు సలుపుతాంటాది. రేపటికి తాగుతాడు" అన్నది జేజి. అందులో అసహజమేమీ లేదు కనుక అందరూ నమ్మారు. అమ్మ పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టబోయింది. గిన్నె అంచు పెదవుల మధ్యకు పోలేదు. అమ్మ గిన్నె కింద పెట్టింది. ఆ చప్పుడుకు వాడి ఒళ్ళు వంగింది. వంటింట్లో ఉన్న జేజి ఆ చప్పుడు విని వచ్చి, గుమ్మంలోనే ఆగి, వాడి ముఖం చూసింది. నవ్వుతున్నట్టున్న ఆ ముఖాన్ని అంతకు ముందు ఆమె నాలుగుసార్లు చూసింది.

"దినాలు దాటిపోయినాయి కదా" అన్నది. ఎవరితో అన్నదో తెలియదు. "ఎనిమిదో దినం ఎప్పుడో దాటిపోయింది కదా."

ఆ పూటే దొరికిన మొదటి బస్సుకు నంద్యాల బయల్దేరారు. అమ్మ, నాయన, జేజి. సంచి పట్టుకోవడానికి నన్ను తీసుకుపోయారు. డ్రైవరు హారన్ కొట్టినప్పుడల్లా వాడు బిగుసుకుపోతుంటే, నాయన లేచి వెళ్ళి డ్రైవరు భుజం మీద చేయి వేసి వేడుకున్నాడు. అది మా నాయన ఎవరినైనా వేడుకోగా నేను చూసిన ఒకే ఒక్క సందర్భం. ఆ డ్రైవరు ఆ తర్వాత నంద్యాల దాకా హారన్ కొట్టలేదు. అడ్డం వచ్చిన ఎద్దులబండ్ల వెనక నిదానంగా పోనిచ్చాడు. బస్సులో ముప్పై నలభై మంది ఉన్నారు, ఒక్కరు కూడా ఆలస్యమవుతోందని అనలేదు.

అదే డాక్టరమ్మ. బిడ్డను చూసి ముందు బొడ్డు చూసింది. అది శుభ్రంగా ఉంది. తర్వాత ముక్కు చూసింది. తీగ చుట్టూ బూడిద నల్లగా పెచ్చు కట్టి ఉంది.

"దీని మీద ఏం పెట్టినారు?"

"బూడిద మేడమ్" అన్నది అమ్మ. తర్వాత తొందర తొందరగా చెప్పింది. "బొడ్డు మీద పెట్టలేదు మేడమ్. మీరు వద్దంటిరి కదా. ఒక్క దినం కూడా బొడ్డు ముట్టుకోలేదు. మా అత్తను అడగండి."

డాక్టరమ్మ అప్పటిదాకా నిలబడి ఉంది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె మమ్మల్ని తిడుతుందని నేను ఎదురుచూశాను. తిట్టలేదు. "నేను ఏ పుండు మీదా పెట్టొద్దని చెప్పాల్సింది" అని తనలో తాను అనుకున్నట్టు అన్నది. తర్వాత నన్ను దగ్గరకు పిలిచి గడ్డం పట్టుకుని ముక్కు చూసింది.

"నీకూ పెట్టినారా?"

"పెట్టినారు. నేను కడిగేసినా."

జేజి నావైపు తిరిగి చూసింది. నాకు ఆ రోజే ఒక ఇంజెక్షన్ వేశారు. తమ్ముడిని చీకటి గదిలో, చప్పుడు లేకుండా పడుకోబెట్టారు. ముక్కు తీగను డాక్టరమ్మే తీసేసి జేజి చేతిలో పెట్టింది. మూడో రోజు సాయంత్రం ఐదు గంటలకు వాడు పోయాడు. ఆకాశంలో మబ్బు లేదు. ఆ ఏడు వైశాఖంలో ఒక్క చినుకు పడలేదు.

ఆళ్లగడ్డకు తిరిగి వచ్చిన తెల్లారి జేజి బూడిద కుండను దొడ్డి వెనక పగలగొట్టింది. ఆ తర్వాత ఆమె బతికిన పదకొండేళ్ళూ గిన్నెలు ఇసుకతో తోమింది. పళ్ళు వేపపుల్లతో తోముకుంది. నొసట ఏమీ పెట్టుకోలేదు. ఎవరైనా అడిగితే, "నా చేత్తోనే జల్లించినా. రెండు మార్లు జల్లించినా" అనేది. అమ్మ ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. అనలేదని మెచ్చుకోవడానికి లేదు. అడ్డం పెట్టిన చేతిని తానే తీశానని అమ్మకు తెలుసు.

చెంచు ఆమె ఆషాఢంలో తేనె తీసుకుని వచ్చింది. అప్పటిలాగే నడవలోకి తొంగి చూస్తూ, "యాడ నా కొడుకు?" అన్నది. నాయన కాటా కేసి చూస్తూ ఉండిపోయాడు. జేజి బయటికి వచ్చి గడప దగ్గర నిలబడింది. చెప్పనక్కరలేకపోయింది. ఆమె తేనె కుండ దించి, గడప అవతల నేల మీద కూలబడింది.

"నేను పెంచమనే కదమ్మా ఇచ్చింటి" అన్నది.

"పెంచలేకపోతిమి" అన్నది జేజి.

ఆమె మా అంగడి ముందు, బజారులో, సరుకుకు వచ్చినవాళ్ళంతా చూస్తుండగా, తన బిడ్డ పోయినట్టే ఏడ్చింది. అమ్మ లోపలి నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆ రోజు దాకా అమ్మ పైకి ఏడవగా నేను చూడలేదు.

అమ్మకు మళ్ళీ కాన్పు రాలేదు.

మనవరాలు ఫోను పెట్టేసి, నా ఎదురుగా వచ్చి కూర్చుని ఉప్మా తింటోంది. ఖాళీ కడుపుతో రావద్దన్నారు కదా. ఇంజెక్షన్ సంగతి వాళ్ళమ్మకు ఫోను చేసి కనుక్కుంది, పోయిన ఏడు వేయించారట. తింటూనే నా ముఖంలోకి చూసి, "ఏందవ్వా అంతసేపు ఆలోచిస్తాండావ్? నీది కుట్టినప్పుడు బాగా నొప్పి పుట్టిందా?" అని అడిగింది.

ఆమెకు చెప్పాను. పైన రాసినదంతా అదే వరుసలో, ఏదీ కలపకుండా, ఏదీ తీయకుండా చెప్పాను. ఆమె చెంచా పక్కన పెట్టేసింది. "నువ్వొక్క కూతురివే అని కదవ్వా మాకందరికీ తెలిసేది?" అన్నది.

అది సరైన లెక్క కాదు. అడిగింది కనుక సరైన లెక్క చెప్పాను. మా అమ్మ కాన్పులు ఆరు. పురిట్లోనే పోయినవారు నలుగురు. ముక్కు కుట్టిన పదకొండో రోజున పోయినవాడు ఒకడు. మిగిలింది ఒకరు.